స్టూడెంట్ అఫైర్స్ మాస్టర్స్ చదువుతున్నవారు ఉద్యోగ నిర్ణయం తీసుకోవడం ఎలా: మొదటి సెమిస్టర్ నుంచి ఆఫర్ లెటర్ దాకా

అమెరికా విశ్వవిద్యాలయాల్లో స్టూడెంట్ అఫైర్స్ (విద్యార్థి సేవల నిర్వహణ), ఉన్నత విద్యా నిర్వహణ మాస్టర్స్ కోర్సులు చదువుతున్న తెలుగు విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నలు పైకి వేర్వేరుగా కనిపించినా మూలం ఒక్కటే. హాస్టళ్ల నిర్వహణ వైపు వెళ్లాలా, కోర్సుల ఎంపికలో సలహా ఇచ్చే అకడమిక్ అడ్వైజింగ్ వైపు వెళ్లాలా, హెచ్-1బీ (ఉద్యోగ వీసా) దరఖాస్తు పెట్టే విశ్వవిద్యాలయం దొరికేదాకా ఆగాలా, వచ్చిన మొదటి ఆఫర్‌ను ఒప్పుకోవాలా అని అడుగుతారు. దరఖాస్తుదారుగానూ, ఆ తర్వాత నియామక కమిటీ సభ్యుడిగానూ నేను గమనించినది ఏమిటంటే, చాలామంది నిర్ణయాన్ని తలకిందులుగా తీసుకుంటారు. ముందు ఆఫర్ వస్తుంది, తర్వాత దానికి కారణాలు వెతుక్కుంటారు.

ఈ మార్గదర్శిలో వరుస వేరుగా ఉంటుంది. ముందు వీసా హద్దులు, తర్వాత పని స్వభావం, ఆ తర్వాత విద్యాసంస్థ, చివరికి ఆఫర్. అమెరికా పౌరసత్వం లేదా గ్రీన్‌కార్డు ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు రెండో భాగాన్ని వదిలి నేరుగా మూడో భాగానికి వెళ్లవచ్చు.

1. మొదటి సెమిస్టర్‌లోనే సిద్ధం చేసుకోవలసినవి

నిర్ణయం రెండో ఏడాది వసంతంలో జరుగుతుంది కానీ, దానికి కావలసిన సమాచారం మొదటి ఏడాదిలోనే పోగవుతుంది. అప్పుడు రాసుకోనివారు తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడతారు. జ్ఞాపకానికి చివరి నెలలో జరిగినవే గుర్తుంటాయి.

ఒక నోటుపుస్తకం కేటాయించి, ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని మూడు విషయాలు రాయండి: ఈ వారం ఏ పని చేస్తూంటే సమయం తెలియలేదు, ఏ పనిని వాయిదా వేశాను, ఏ పని తర్వాత అలసట మర్నాటికి కూడా తీరలేదు. “విద్యార్థులతో మాట్లాడటం బాగుంది” అని రాస్తే అది ఎందుకూ పనికిరాదు. “మార్కులు తగ్గి ప్రొబేషన్‌లో ఉన్న విద్యార్థితో కలిసి వచ్చే సెమిస్టర్ కోర్సుల పట్టిక వేయడం బాగుంది, అదే రోజు సాయంత్రం రెండు వందల మంది వచ్చిన కార్యక్రమంలో నిలబడటం భారమైంది” అని రాస్తే, ఏడాది తర్వాత అదే మీకు దారి చూపుతుంది.

దగ్గర ఉంచుకోవలసిన కాగితాలు:

- ఐ-20 (విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం): ప్రోగ్రామ్ ముగింపు తేదీ, సీఐపీ కోడ్ (కోర్సు ఏ విషయానిదో తెలిపే సంఖ్య) ఉన్నచోట గీత గీసి ఉంచండి.
- అసిస్టెంట్‌షిప్ (చదువుతూ క్యాంపస్ కార్యాలయంలో చేసే పని) ఒప్పందపత్రం: వారానికి ఎన్ని గంటలు, వేసవిలో జీతం ఉందా లేదా.
- బ్యాంకు విద్యారుణం పత్రం: కంతులు ఏ నెలలో మొదలవుతాయి.
- ప్రాక్టికం (చదువులో భాగంగా పర్యవేక్షణలో చేసే పని) గంటల పట్టిక, పర్యవేక్షకుల సంతకాలతో.

2. వీసా లెక్క: ఇష్టాయిష్టాలకన్నా ముందు చూడవలసినది

ఈ భాగం పొడవుగా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ చదివే స్నేహితుల సలహా ఇక్కడ సగమే పనిచేస్తుంది కాబట్టి, మీ లెక్క మీరే వేసుకోవాలి.

మొదటి తేడా ఓపీటీ (చదువు ముగిశాక అమెరికాలో పనిచేసేందుకు విద్యార్థులకు ఇచ్చే అనుమతి) కాలం. ఉన్నత విద్యా నిర్వహణకు వాడే 13.0406, కళాశాల విద్యార్థుల కౌన్సెలింగ్‌కు వాడే 13.1102 సీఐపీ కోడ్‌లు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేవు. అందువల్ల మీకు 12 నెలలే ఉంటాయి, 24 నెలల పొడిగింపు ఉండదు. విద్యా సాంకేతికతకు చెందిన 13.0501, విద్యా మూల్యాంకన పరిశోధనకు చెందిన 13.0601 మాత్రం ఆ జాబితాలో ఉన్నాయి. ఏ కోడ్ కింద చదువుతున్నారన్నది మీ ప్రోగ్రామ్‌ను బట్టి ఉంటుంది. అడిగితే మార్చి ఇచ్చేది కాదు కనుక ఇంకా చేరనివారు చేరకముందే చూసుకోవడం మంచిది.

రెండోది తేదీలు. ఓపీటీ దరఖాస్తును ప్రోగ్రామ్ ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి 60 రోజుల తర్వాత వరకు వేయవచ్చు. ఉదాహరణకు ముగింపు తేదీ 2027 మే 10 అయితే, ఫిబ్రవరి 9 నుంచి జూలై 9 వరకు గడువు ఉంటుంది. డీఎస్‌ఓ (అంతర్జాతీయ విద్యార్థుల వీసా పత్రాలు చూసే విశ్వవిద్యాలయ అధికారి) సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి వీసా సమాచార వ్యవస్థలో) సిఫారసు నమోదు చేసిన 30 రోజుల్లోపు దరఖాస్తు యూఎస్‌సీఐఎస్‌కు (అమెరికా వలస సేవల సంస్థకు) చేరాలి. ఓపీటీ మొదలైన తర్వాత మొత్తం మీద 90 రోజులకు మించి నిరుద్యోగంలో ఉండకూడదు. హాల్ డైరెక్టర్ (హాస్టల్ భవనం బాధ్యత చూసే ఉద్యోగి) ఉద్యోగాలు చాలావరకు జూలైలో మొదలవుతాయి కాబట్టి, మే నెలలోనే ఓపీటీ ప్రారంభ తేదీ పెట్టుకుంటే ఆ 90 రోజుల్లో సగానికిపైగా ఊరికే కరిగిపోతాయి. ప్రారంభ తేదీని 60 రోజుల పరిధిలోనే ఉంచుతూ వీలైనంత ఆలస్యంగా పెట్టుకోండి.

మూడోది హెచ్-1బీ. ఇక్కడ మీకు ఒక వెసులుబాటు ఉంది, దాని వెంట ఒక చిక్కూ ఉంది. విశ్వవిద్యాలయాలు వార్షిక పరిమితికి బయట ఉంటాయి కనుక లాటరీ లేకుండా ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు. అయితే లాటరీలో ఎంపికైనవారికి ఓపీటీ ముగిసిన తర్వాత కూడా పనిచేసుకునే అవకాశమిచ్చే క్యాప్-గ్యాప్ సదుపాయం ఇలాంటి దరఖాస్తులకు వర్తించదు. ఓపీటీ ముగిసేలోగా హెచ్-1బీ మంజూరు కాకపోతే పని ఆపవలసి ఉంటుంది. విశ్వవిద్యాలయం నుంచి తర్వాత ప్రైవేటు కంపెనీకి మారాలనుకుంటే, అంతకుముందు లాటరీలో లెక్కకు రానివారు అప్పుడు లాటరీలోకి వెళ్లవలసిందే.

2025 సెప్టెంబరులో వెలువడిన అధ్యక్ష ప్రకటన కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు 1,00,000 డాలర్ల చెల్లింపు విధించింది, విశ్వవిద్యాలయాలను అందులోంచి మినహాయించలేదు. దేశంలోనే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి స్టేటస్ మార్చుకునేవారికి అది వర్తించదని యూఎస్‌సీఐఎస్ అక్టోబరులో వివరించింది. స్టేటస్ మార్పు దరఖాస్తు నడుస్తుండగా దేశం విడిచి వెళితే ఆ మార్పు రద్దవుతుంది కనుక, చెల్లి పెళ్లి ముహూర్తమైనా సరే టికెట్ కొనేముందు విశ్వవిద్యాలయ న్యాయవాదిని అడగండి. ఇటువంటి నిబంధనలు మారుతూ ఉంటాయి. దరఖాస్తు వేసే వారంలో మరోసారి సరిచూసుకోండి.

నాలుగోది చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి. తమ అనుభవాన్ని బట్టి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోనే పనిచేయాలని మనవాళ్లలో ఎక్కువమంది అనుకుంటారు. కానీ డీఎస్‌ఓగా నియమితులు కావాలంటే అమెరికా పౌరసత్వం లేదా శాశ్వత నివాస హోదా తప్పనిసరి. ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నవారు ఐ-20 జారీ చేయలేరు. అదే కార్యాలయంలో ఓరియెంటేషన్, సాంస్కృతిక కార్యక్రమాలు, విద్యార్థి మార్గదర్శనం వంటి పనులు చేయవచ్చు. ప్రకటనలో “డీఎస్‌ఓగా అర్హత ఉండాలి” అని ఉంటే మాత్రం ఆ దరఖాస్తుకు వారాంతాన్ని ఖర్చు చేయకండి.

3. ఏ విభాగం? అసిస్టెంట్‌షిప్‌ను తలరాతగా తీసుకోకండి

ఈ రంగంలో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని విషయం ఒకటుంది. అడ్మిషన్ సమయంలో ఏ కార్యాలయంలో అసిస్టెంట్‌షిప్ దొరికిందో అదే చాలామందికి వృత్తి అయిపోతుంది. ట్యూషన్ మాఫీ కోసం హాస్టల్ విభాగంలో చేరిన విద్యార్థి రెండేళ్ల తర్వాత హాల్ డైరెక్టర్ పోస్టులకే దరఖాస్తు చేస్తాడు. ఆ పని నచ్చిందా అని అడిగితే “అనుభవం ఉంది కదా” అంటాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మరో విభాగం చూడటానికి నాలుగేళ్లు పట్టింది.

దీనికి విరుగుడు ప్రాక్టికం. ఈ చదువులకు ప్రమాణాలు రూపొందించే సీఏఎస్ కనీసం 300 గంటల పర్యవేక్షిత అనుభవం, అదీ కనీసం రెండు వేర్వేరు అనుభవాలుగా ఉండాలని చెబుతుంది. ఆ రెండోదాన్ని అసిస్టెంట్‌షిప్‌కు వీలైనంత దూరంగా ఎంచుకోండి. హాస్టళ్లలో పనిచేస్తూంటే ప్రాక్టికం కెరీర్ సెంటర్‌లోనో, డిజెబిలిటీ సేవల్లోనో చేయండి. పోల్చి చూడటానికి రెండోది లేకుండా ఎంపిక అనేదే ఉండదు.

ఎఫ్-1 వారికి ఒక హెచ్చరిక. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల పరిమితి ఉంటుంది, అసిస్టెంట్‌షిప్ ఒక్కటే దాన్ని నింపేస్తుంది. ప్రాక్టికం పొరుగు కళాశాలలో అయితే పనిలో చేరకముందే సీపీటీ (చదువులో భాగంగా క్యాంపస్ బయట పనిచేసే) అనుమతి కావాలా అని డీఎస్‌ఓను అడగండి. పూర్తికాల సీపీటీ 12 నెలలకు చేరితే ఓపీటీ అర్హత పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఈ రంగపు వృత్తి సంఘాలైన నాస్పా, ఏసీపీఏ కలిసి 2015లో సవరించి ప్రకటించిన వృత్తి సామర్థ్యాల పత్రంలో పది అంశాలు ఉన్నాయి. మార్గదర్శనం, మూల్యాంకనం, చట్టం-విధానం, సిబ్బంది-వనరుల నిర్వహణ, సామాజిక న్యాయం, సాంకేతికత వంటివి అందులో భాగం. మీ శుక్రవారం రాతలను ముందు పెట్టుకుని, ప్రతి అంశానికీ ఎదురుగా “చేయగలను”, “చేయాలని ఉంది” అని రెండు గడులు గీయండి. మొదటి గడి నిండి రెండోది ఖాళీగా ఉన్న అంశాలే ప్రమాదకరం, ఎందుకంటే ఇతరులు మిమ్మల్ని మెచ్చుకునేది వాటికే.

విభాగాల రోజువారీ స్వభావాన్ని క్లుప్తంగా చెప్పాలంటే:

- రెసిడెన్స్ లైఫ్: క్యాంపస్‌లోనే నివాసం, రాత్రి ఫోన్ల వంతు, విద్యార్థి సహాయకుల పర్యవేక్షణ. కొత్తవారికి ఎక్కువ ఖాళీలు ఉండేది ఇక్కడే.
- అకడమిక్ అడ్వైజింగ్: ఒక్కొక్కరితో అరగంట భేటీలు, కోర్సుల నిబంధనలు. సాయంత్రాలు చాలావరకు మీవే.
- కెరీర్ సేవలు: విద్యార్థులతోపాటు కంపెనీలతోనూ మాటలు, శరదృతువులో విపరీతమైన ఒత్తిడి.
- క్రమశిక్షణ విభాగం: నివేదికలు, విచారణలు, చట్టపరమైన భాష. రాత బాగా వచ్చినవారికి అనువైనది, నిద్ర తేలికైనవారికి కాదు.
- విద్యార్థి కార్యక్రమాలు: వారాంతాలు, బడ్జెట్లు, ఒప్పందాలు.

4. ఎలాంటి విద్యాసంస్థ?

పెద్ద పరిశోధన విశ్వవిద్యాలయంలో ఒక పనిలోనే లోతుగా వెళతారు. చిన్న ప్రైవేటు కళాశాలలో ఒకే మనిషి ఓరియెంటేషన్, క్లబ్బులు, కౌన్సెలింగ్‌కు పంపడం అన్నీ చూస్తాడు. కమ్యూనిటీ కాలేజీల్లో చాలాచోట్ల హాస్టళ్లు ఉండవు, విద్యార్థులు ఉద్యోగాలు చేసుకుంటూ చదువుతారు. వీసా అవసరమైనవారికి ఇంకో తేడా ముఖ్యం. అంతర్జాతీయ అధ్యాపకులు ఎక్కువగా ఉన్న విశ్వవిద్యాలయాలకు హెచ్-1బీ ప్రక్రియ అలవాటైన పని, చిన్న కళాశాలకు మీరే మొదటి కేసు కావచ్చు. అయితే పెద్ద సంస్థలు కూడా అధ్యాపకులకు ఒక విధానం, ప్రారంభస్థాయి సిబ్బందికి మరో విధానం పాటించవచ్చు కనుక పేరు చూసి నమ్మకండి.

5. మాట్లాడవలసినవారితో ఎలా మాట్లాడాలి

మూడో సెమిస్టర్ మొదలయ్యేలోపు కనీసం ఆరుగురితో మాట్లాడండి. డైరెక్టర్లకన్నా, ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లయినవారు నిజం చెబుతారు. ఆ విభాగాన్ని వదిలి వెళ్లినవారిలో ఒకరైనా ఉండాలి. “ఈ పని ఎలా ఉంటుంది” అని అడగకుండా కింది ప్రశ్నలు అడగండి:

- నిన్న ఉదయం నుంచి సాయంత్రం దాకా ఏమేం చేశారు?
- ఈ పోస్టులో మీకు ముందున్నవారు ఇప్పుడు ఎక్కడున్నారు?
- పై స్థాయికి వెళ్లాలంటే ఇక్కడే వీలవుతుందా, మరో రాష్ట్రానికి మారాలా?
- గత ఏడాది ఎన్ని వారాంతాలు పనిచేశారు?

మాట్లాడిన రోజే రాసుకోండి. కృతజ్ఞతగా పంపే ఈమెయిల్‌లో వారు చెప్పిన ఒక నిర్దిష్టమైన మాటను గుర్తుచేస్తే, ఆరు నెలల తర్వాత మీ పేరు వారికి గుర్తుంటుంది.

6. దరఖాస్తుల కాలం

రెసిడెన్స్ లైఫ్ నియామకాలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా ముమ్మరంగా సాగుతాయి. అడ్వైజింగ్, కెరీర్ సేవల పోస్టులు ఏడాది పొడవునా వస్తాయి, ఎక్కువ భాగం మార్చి తర్వాతే. ఈ తేడా వల్లే ఫిబ్రవరిలో హాల్ డైరెక్టర్ ఆఫర్ చేతిలో పెట్టుకుని, ఇంకా ప్రకటన కూడా వెలువడని అడ్వైజింగ్ ఉద్యోగం గురించి మథనపడే పరిస్థితి వస్తుంది. మీకు నిజంగా కావలసింది అడ్వైజింగే అయితే, ఎంతకాలం ఆగగలరో డిసెంబరులోనే తేదీ వేసి రాసుకోండి. ఆ తేదీని మీ చేతిలోని డబ్బు, ఓపీటీ గడువు నిర్ణయించాలి, ఆత్రుత కాదు.

దరఖాస్తు ఫారంలో రెండు ప్రశ్నలు ఉంటాయి. ఇప్పుడు పనిచేయడానికి అనుమతి ఉందా అనేది మొదటిది. ఓపీటీ ఆధారంగా, చేరే తేదీకి అనుమతి చేతికి వస్తుందన్న షరతుతో, దానికి అవునని చెప్పవచ్చు. భవిష్యత్తులో స్పాన్సర్‌షిప్ అవసరమా అనేది రెండోది. అవసరమైనప్పుడు అవుననే రాయండి. అక్కడ దాచి ఆఫర్ దశలో బయటపెట్టినవారికి ఆఫర్ పోవడమే కాక, ఈ చిన్న రంగంలో పేరు కూడా పోతుంది. మొదటి విడత వీడియో ఇంటర్వ్యూ దాటిన తర్వాత, క్యాంపస్‌కు పిలవకముందు, మానవ వనరుల విభాగానికి ఒకే ప్రశ్న పంపండి: ఈ పోస్టుకు, ఈ స్థాయికి సంస్థ హెచ్-1బీ దాఖలు చేస్తుందా? కమిటీ అధ్యక్షురాలు మంచితనంతో “తప్పకుండా చూస్తాం” అన్నా, ఆ హామీ ఇచ్చే అధికారం సాధారణంగా ఆమెకు ఉండదు.

7. క్యాంపస్ ఇంటర్వ్యూ రోజు

అది రోజంతా సాగుతుంది. ప్రెజెంటేషన్, విద్యార్థుల బృందంతో భేటీ, భోజనం, డైరెక్టర్‌తో మాటలు. వారు మిమ్మల్ని చూస్తున్నట్టే మీరూ వారిని చూడాలి. ఉద్యోగులు ఒకరి మాటను ఒకరు పూర్తిచేయనిస్తున్నారా? రాత్రి వంతుల గురించి అడిగినప్పుడు ముఖాలు చూసుకుంటున్నారా? గత మూడేళ్లలో ఈ పోస్టులో ఎంతమంది మారారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుకన్నా, జవాబు రావడానికి పట్టే సమయమే ఎక్కువ చెబుతుంది.

ఉదాహరణలు చెప్పేటప్పుడు విద్యార్థిని గుర్తుపట్టేలా చెప్పకండి. విద్యార్థుల సమాచార గోప్యతకు చెందిన ఫెర్పా చట్టం చదివిన అభ్యర్థి “మా భవనం నాలుగో అంతస్తులో ఉండే ఫలానా దేశపు అమ్మాయి” అని మొదలుపెట్టగానే కమిటీలో సగం మంది కలం కింద పెట్టేస్తారు.

8. ఆఫర్లను పోల్చడం

జీతం అంకెలను పక్కపక్కన పెట్టి చూడటం ఈ రంగంలో సరిపోదు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఒకచోట 46,000 డాలర్ల జీతంతోపాటు క్యాంపస్‌లో ఇల్లు, మరోచోట ఇల్లు లేకుండా 54,000. ఆ ఊళ్లో అద్దె నెలకు 1,200 అయితే ఏడాదికి 14,400. మొదటి ఆఫర్ విలువ 60,400 అవుతుంది. ఉద్యోగ షరతుగా, పనిచేసే చోటే ఇచ్చే నివాసం మీద సాధారణంగా ఆదాయపన్ను కూడా ఉండదు. కాగితం మీద మొదటిదే మేలు.

ఇక కాగితం మీద లేనివి చూడండి. అతిథులు ఎన్ని రోజులు ఉండవచ్చో నిబంధన ఉంటుంది. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద ఆరు నెలలు వచ్చి ఉండాలంటే ముందే రాతపూర్వక అనుమతి అడగాలి. పెళ్లయ్యాక భార్య లేదా భర్త అక్కడ నివసించవచ్చా అన్నదీ అడగండి. పోపు పొగకు ఫైర్ అలారం మోగి రాత్రి తొమ్మిదింటికి మూడు వందల మంది విద్యార్థులు చలిలో బయట నిలబడితే, వారిని లెక్కపెట్టవలసిన ఉద్యోగి కూడా మీరే అవుతారు.

పోలికలో ఉండవలసినవి:

- ఒప్పందం 10 నెలలకా, 12 నెలలకా.
- హెచ్-1బీ దాఖలు చేస్తామన్న రాతపూర్వక మాట, ఎప్పుడు చేస్తారన్న తేదీ.
- రాత్రి వంతులు నెలకు ఎన్ని, వాటి మర్నాడు సెలవు ఉందా.
- డాక్టరేట్ చదవాలనుకుంటే ట్యూషన్ మాఫీ ఎప్పటినుంచి.
- ఫెడరల్ విద్యారుణం ఉన్న పౌరులకు పీఎస్ఎల్ఎఫ్ (ప్రజాసేవ ఉద్యోగులకు రుణమాఫీ పథకం) అర్హత: 120 అర్హమైన చెల్లింపుల తర్వాత మిగతా రుణం మాఫీ.
- ఓపీటీలో చాలామందికి మినహాయింపు ఉన్న సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను, హెచ్-1బీకి మారగానే జీతంలో 7.65 శాతం మేరకు కోత పడుతుందన్న లెక్క.

చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయ సిబ్బంది జీతాలు బహిరంగ సమాచారమే. అదే పోస్టులో ఉన్నవారికి ఎంత వస్తోందో చూసిన తర్వాతే బేరం మొదలుపెట్టండి. జీతం కదలకపోతే తరలింపు ఖర్చులు, సదస్సులకు నిధులు, చేరే తేదీ అడగండి. నిర్ణయానికి వారం గడువు కోరడం తప్పు కాదు.

ఇక్కడ తరగతిలో చదివినది మీమీద వాడుకోండి. విద్యార్థుల మార్పుదశలను వివరించడానికి ష్లాస్‌బర్గ్ సిద్ధాంతంలోని నాలుగు అంశాలను, అంటే పరిస్థితి, వ్యక్తి, ఆసరా, వ్యూహాలను పరీక్షల్లో పేజీలకొద్దీ రాస్తాం. ప్రతి ఆఫర్‌కూ అదే నాలుగింటిని ఒక కాగితం మీద రాయండి. ఎక్కువమందికి ఖాళీగా మిగిలేది “ఆసరా” గడి. మూడు గంటల ప్రయాణ దూరంలో మీకు తెలిసినవారు ఒక్కరైనా ఉన్నారా అన్నది మొదటి శీతాకాలంలో జీతంకన్నా ముఖ్యమవుతుంది.

9. తరచు జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*ఒకే కవర్ లెటర్ అన్నిచోట్లకూ పంపడం.* ఈ రంగంలో కమిటీలు దాన్ని నిజంగానే చదువుతాయి. ప్రకటనలోని మూడు ముఖ్య బాధ్యతలకు మీ పని నుంచి మూడు ఉదాహరణలు రాయండి.

*విద్యార్థి దశలో మనకు మేలు చేసిన కార్యాలయాన్నే వృత్తిగా ఎంచుకోవడం.* ఆ కృతజ్ఞత మంచిదే, కానీ సేవ పొందడం వేరు, రోజూ ఆ సేవ అందించడం వేరు. ప్రాక్టికంలో 50 గంటలు గడిచాకే నిర్ణయించండి.

*చదివిన చోటే ఉండిపోవడం.* సౌకర్యంగా ఉంటుంది కానీ, నిన్నటి పర్యవేక్షకులు మిమ్మల్ని విద్యార్థిగానే చూస్తారు. తప్పనిసరైతే వేరే విభాగంలో చేరండి.

*ఇంట్లో చివరి నిమిషంలో చెప్పడం.* “హాస్టల్ వార్డెన్ పనికి అమెరికా దాకా వెళ్లి ఎంఏ చదవాలా” అన్న మాట చాలామంది విన్నదే. ఆ మాట వెనుక ఉన్నది అవమానంకన్నా ఎక్కువగా రుణం గురించిన భయం. కంతు ఎంత, చేతికి వచ్చేది ఎంత, నెలకు మిగిలేది ఎంత అని ఒక పేజీలో రాసి జనవరిలోనే పంపండి. ఉద్యోగ వివరణ కన్నా ఆ పేజీయే ఎక్కువ పనిచేస్తుంది.

*భారత్‌కు తిరిగి వెళ్లే దారిని అసలే ఆలోచించకపోవడం.* మన ఐఐటీల్లో, కేంద్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి వ్యవహారాల డీన్ పదవి ఆచార్యులకే దక్కుతుంది, అక్కడ ఈ డిగ్రీతో నేరుగా ప్రవేశం లేదు. ప్రత్యేక సిబ్బందితో విద్యార్థి సేవలు నడిపే ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కొన్ని ఉన్నాయి. ఓపీటీ మధ్యలో కంగారుగా వెతకకుండా, వాటిలో ఇద్దరితో ఐదో భాగంలోని ప్రశ్నలతో ముందే మాట్లాడి ఉంచండి.

10. సంతకం చేసిన వారంలో

- మిగిలిన సంస్థలకు అదే రోజు మర్యాదగా తెలియజేయండి. మూడేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు చేసేది అక్కడే కావచ్చు.
- సిఫారసు చేసినవారందరికీ ఫలితం చెప్పండి.
- ఓపీటీ మొదలయ్యాక ఉద్యోగ వివరాలను సెవిప్ పోర్టల్‌లో (ఓపీటీ మీద ఉన్నవారి కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైట్‌లో) 10 రోజుల్లోపు నమోదు చేయండి. ఇది మరచిపోతే, పనిచేస్తున్నా నిరుద్యోగపు రోజులు లెక్కకు చేరుతూనే ఉంటాయి.
- హెచ్-1బీ దాఖలు ప్రక్రియ ఎప్పుడు మొదలవుతుందో మానవ వనరుల విభాగాన్ని అడిగి, చేరిన తర్వాత మూడో నెలలో గుర్తుచేసేలా క్యాలెండర్‌లో పెట్టుకోండి.
- శుక్రవారం నోటుపుస్తకాన్ని కొత్త ఊరికి వెళ్లే పెట్టెలో సర్దండి.